తొట్టిలో నీళ్లు ఎంత వెచ్చగా ఉండాలి?

సైన్సు గదిలో చేపల తొట్టి చూడనివాళ్లు మన హాస్టల్లో లేరు. పోయిన జనవరిలో అందులోని ఐదు గప్పీలు ఒక్క పూటలో చచ్చిపోయాయి. దిష్టి తగిలిందని కొందరు, మేత ఎక్కువైందని కొందరు అన్నారు. ఆ రోజు నీళ్లు మార్చింది నేనే. పొద్దున్నే బయటి కుళాయి నీళ్లు బకెట్టుతో తెచ్చి అలాగే పోసేశాను. మన కొండల మీద జనవరి నీళ్లు ఎలా ఉంటాయో స్నానానికి వెళ్లేవాళ్లకు చెప్పక్కర్లేదు!

చేపలు శీతల రక్త జీవులు. అంటే వాటి రక్తం ఎప్పుడూ చల్లగా ఉంటుందని కాదు. ఎండైనా చలైనా మన ఒంట్లో 37 డిగ్రీలు ఉంటుంది. చేపకు అలా కాదు, నీళ్ల వేడి ఎంతో దాని ఒంటి వేడీ దాదాపు అంతే. నీళ్లు చల్లబడితే మేత అరగదు, మూలన కదలకుండా ఉండిపోతుంది, తెల్లమచ్చల జబ్బు తొందరగా పట్టుకుంటుంది. అలాగని మరీ వేడెక్కినా కష్టమే. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకు సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీల్లో ఏడున్నరే. ఎండాకాలం చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచేది అందుకే.

గప్పీ దక్షిణ అమెరికా వైపు వెచ్చని నీళ్ల చేప. దానికి 22 నుంచి 28 డిగ్రీలు కావాలి. (దోమ పిల్లల్ని తింటాయని మలేరియా వాళ్లు బావుల్లో వదిలే చేపల్లో ఇదొకటి.) ఏంజెల్, ఫైటర్‌లకు 24 నుంచి 28. గోల్డ్ ఫిష్ చైనాలో పుట్టిన జాతి, దానికి 18 నుంచి 22 చాలు. అందుకే రంగు బాగుందని గోల్డ్ ఫిష్‌నీ ఏంజెల్‌నీ ఒకే తొట్టిలో వేయకూడదు. హీటరు లేనిచోట చలికాలానికి గోల్డ్ ఫిషే నయం. కాకపోతే అది బాగా పెరుగుతుంది, పెద్ద తొట్టి కావాలి.

చెయ్యి పెట్టి చూసి సరే అనుకోవద్దు. చలికి మన చెయ్యే మొద్దుబారి ఉంటుంది. జ్వరం థర్మామీటరూ పనికిరాదు, దాని గీతలు 35 దగ్గర మొదలవుతాయి. ల్యాబులో వాడే థర్మామీటరు కావాలి.

నీళ్లు మార్చేటప్పుడు తొట్టిలో నాలుగో వంతు మాత్రమే తీయాలి. కొత్త నీళ్లకూ పాత నీళ్లకూ తేడా రెండు డిగ్రీలు దాటకూడదు. కొన్న చేపల్ని కవరుతో సహా పావుగంట నీళ్లపై తేలనిచ్చి, తర్వాతే వదలాలి.

వార్డెన్ సారూ, రాత్రంతా బకెట్టు నీళ్లు సైన్సు గదిలోనే ఉంచాలి. శనివారం స్టడీ అవరుకు ముందు తాళం ఇప్పించండి. ఈ వారం వంతు కూడా నాదే.