అడవి అంచున తొలి కొలువు: కాపురం పెట్టేవాళ్లకు కొన్ని చిట్కాలు

బీట్ ఆఫీసర్ ఉద్యోగానికి నడక పరీక్ష ఉంటుంది. అబ్బాయిలు 4 గంటల్లో 25 కిలోమీటర్లు, అమ్మాయిలు 16 కిలోమీటర్లు నడవాలి. అది గట్టెక్కినవాళ్లకు నడక గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ములుగు అటవీ కళాశాల నుంచి పట్టా పుచ్చుకుని వన్యప్రాణి సర్వేల్లో చేరేవాళ్లకు చెట్ల పేర్లూ, పిట్టల పేర్లూ చెప్పక్కర్లేదు. ఎవరూ చెప్పి పంపనిది ఇంటి సంగతి. ఖమ్మం దాటి కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం వైపు తొలి కొలువుకు వెళ్లేవాళ్ల కోసం ఇవి.

1. ఖమ్మంలో ఇల్లు తీసుకుని రోజూ తిరుగుదామనుకోకండి. భద్రాచలం అక్కడికి 120 కిలోమీటర్ల దూరం. పని ఎక్కడుంటే పడక అక్కడే ఉండాలి. ఊళ్లో ఉండని ఉద్యోగికి ఊళ్లో ఏం జరుగుతోందో అందరికంటే ఆఖరున తెలుస్తుంది.

2. భద్రాచలంలోగానీ, గోదావరి ఒడ్డునున్న ఏ ఊళ్లోగానీ గది చూసేటప్పుడు అద్దె తర్వాత అడగండి. ముందు, “2022లో నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయండీ?” అని అడగండి. ఆ జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986లో 75.6 అడుగులు. ఇంటివాళ్లు గోడ మీద చెయ్యి పెట్టి చూపిస్తారు. ఆ గుర్తుకు పైన అటక ఉంటే సర్టిఫికెట్లు, ల్యాప్‌టాప్ అక్కడ పెట్టుకోవచ్చు. లేకపోతే మేడమీద గది చూసుకోండి. 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మీరు కొత్తవాళ్లు కాబట్టి మొదటి హెచ్చరికకే సామాను కట్టేయండి. పాతకాపులు రెండోదాకా ఆగుతారు, వాళ్ల లెక్క వేరు.

3. సరిహద్దు ఎక్కడుందో బండి మీద ఒక ఆదివారం తిరిగి చూసి రండి. 2014లో పోలవరం కోసం ఏడు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది, దాన్ని ఆనుకున్న ఎటపాక ఆంధ్రలో ఉంది. దుమ్ముగూడెం, చర్ల వెళ్లే దారిలో కాసేపు పక్క రాష్ట్రంలో ప్రయాణిస్తారు. గోదావరి దిగువన పాపికొండలు జాతీయ పార్కు వాళ్లది, ఇటు కిన్నెరసాని అభయారణ్యం మనది. జింకకు ఈ గీతతో పనిలేదు. మీకు మాత్రం ఉంది: ఏ స్టేషనుకు ఫోన్ చేయాలో, ఏ రేంజ్ ఆఫీసుకు చెప్పాలో చీటీ రాసి తలుపు వెనక అంటించుకోండి. సిగ్నల్ ఏ కంపెనీది వస్తుందో పక్కింటివాళ్లను అడిగాకే సిమ్ కొనండి.

4. నేల మీద పడుకోవద్దు. కట్లపాము రాత్రిపూట ఇళ్లలోకి వస్తుంది. కరిచినా పెద్దగా నొప్పి, వాపు ఉండవు కాబట్టి చీమ కుట్టిందనుకుని మళ్లీ నిద్రపోయినవాళ్లు ఉన్నారు. తెల్లారేసరికి కడుపునొప్పి, కనురెప్పలు వాలిపోవడం మొదలవుతాయి. నులకమంచమైనా సరే, మంచం ఉండాలి. దోమతెర అంచులు పరుపు కింద దోపాలి. తెర దోమలనూ ఆపుతుంది, పామునూ ఆపుతుంది. అనుమానం వస్తే కట్లు కట్టడం, కోయడం, పసరు పోయడం ఏవీ పెట్టుకోకుండా 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి పోవడమే.
మందు పూసిన దోమతెరను మాటిమాటికీ ఉతికితే మందు పోతుంది. ఉతికినప్పుడు నీడలో ఆరేయండి, ఎండలో వద్దు. చలితో జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకుని డ్యూటీకి పోయే మొండితనం ఈ ప్రాంతంలో పనికిరాదు. ఆశా కార్యకర్త దగ్గర మలేరియా పరీక్ష కిట్టు ఉంటుంది. ఆవిడ ఇల్లు ఎక్కడో మొదటి వారంలోనే తెలుసుకోండి.

5. అడవి ఉద్యోగమని మచ్చల మచ్చల మిలిటరీ బట్టలు కొనుక్కుని వస్తారు కొందరు కుర్రాళ్లు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో ఏళ్లతరబడి ఒకవైపు పోలీసులు, ఒకవైపు మావోయిస్టులు తిరిగిన అడవి ఇది. ఆ బట్టల్లో కనిపిస్తే చూసేవాళ్లు మిమ్మల్ని ఎవరో ఒకరి కింద జమకడతారు. యూనిఫాం ఉన్నవాళ్లు యూనిఫాం వేసుకోండి. లేనివాళ్లు గోధుమరంగు, బూడిదరంగు నూలు బట్టలు వేసుకోండి. ఎర్రటి తువ్వాలు ఒకటి చాలు, తోడొచ్చిన మనిషికి దూరం నుంచి కనిపించడానికి.

6. ముసురు పట్టిందంటే బైనాక్యులర్ అద్దాలకు బూజు వస్తుంది. గట్టి మూతున్న స్టీలు డబ్బా తీసుకోండి. గుప్పెడు బియ్యం ఎర్రగా వేయించి, చల్లారాక పాత రుమాల్లో మూటకట్టి డబ్బా అడుగున పెట్టండి. దాని మీద బైనాక్యులర్, కెమెరా ట్రాప్ బ్యాటరీలు, మెమరీ కార్డులు. పదిహేను రోజులకోసారి బియ్యం మళ్లీ వేయించాలి. తడిసిన బూట్లను పొయ్యి దగ్గర పెట్టకండి, అతుకు ఊడిపోతుంది. పాత న్యూస్‌పేపర్లు ఉండచుట్టి లోపల కూరండి.

7. పిడుదు పట్టుకుంటే కిరసనాయిలు, అగ్గిపుల్ల వద్దు. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగండి, సబ్బుతో కడగండి.

8. అమ్మను అడిగి పాత చీరలు తెచ్చుకోండి. వాటి పని మార్చి, ఏప్రిల్ నెలల్లో తెలుస్తుంది. ఇప్పపువ్వు తెల్లవారుజామున రాలుతుంది. కింద ఎండుటాకులు ఉంటే పువ్వు కనిపించదని చెట్టు మొదట్లో చిన్న మంట పెడతారు. గాలి తిరిగితే అదే అడవిని కాలుస్తుంది. “నిప్పు పెట్టొద్దు” అని బోర్డు రాయడం తేలిక. చీర పరిచి, పొద్దున్నే నాలుగు కొసలూ ఎత్తి పువ్వును బుట్టలో ఒంపుకోవడం చూపిస్తే పని జరుగుతుంది. మట్టి అంటని పువ్వు శుభ్రంగానూ ఉంటుంది. ఒంటరిగా మాత్రం ఆ వేళ చెట్టు కిందికి పోకండి. ఎలుగుబంటికీ ఆ పువ్వంటే ఇష్టం. నలుగురూ మాట్లాడుకుంటూ వెళ్లండి.
ఆ తర్వాత తునికాకు కాలం. 50 ఆకులకు ఒక కట్ట, ఇంటిల్లిపాదీ ఆకు కోసి కట్టలు కట్టి కల్లానికి తీసుకెళ్తారు. ఏడాది ఖర్చుకు ఆ డబ్బు చాలా ఇళ్లలో ఆధారం. ఆ రోజుల్లో “సర్వేకు తోడు రండి” అని ఎవరినీ పిలవకండి. మీ క్యాలెండరే వాళ్ల క్యాలెండరు చూసి దిద్దుకోవాలి.

9. మొదటి జీతం ఆలస్యం కావచ్చు. రెండు మూడు నెలలకు సరిపడా డబ్బు చేతిలో పెట్టుకుని రండి. కందిపొడి, చింతపండు, పచ్చడి ఇంటినుంచి తెచ్చుకోండి. కూరగాయలు, కోడిగుడ్లు మాత్రం సంతలో కొనండి. పట్నం నుంచి అన్నీ మోసుకొచ్చేవాడికి సంతలో ఎవరితోనూ మాట కలవదు. కోయ ఇళ్లలో కొత్తల పండుగ చేసేదాకా కొత్త పంట నోట పెట్టనివాళ్లు ఉన్నారు. ఏ కాయైనా, గింజైనా పట్టుకుని ఎవరింటికైనా వెళ్లేముందు కనుక్కోండి. ఊరి పెద్దను పేరుపెట్టి పిలవకండి. వయసును బట్టి అన్నా, అక్కా, పెద్దాయనా అనండి. వాళ్లు మిమ్మల్ని “సార్” అంటున్నారు కదా అని మీరు “నువ్వు” అనడం కుదరదు.

10. పోడు గురించి టీకొట్టు దగ్గర తీర్పులు చెప్పొద్దు. మీకు అద్దెకిచ్చిన ఇంటివాళ్లదే పోడు భూమి కావచ్చు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న భూమికే హక్కు. తర్వాత కొట్టినదానికి లేదు. ఆ చట్టం తెలుగు ప్రతి ఒకటి ఇంట్లో ఉంచుకుని మొత్తం చదవండి. సగం చదివి వాదించేవాళ్లు రెండు వైపులా ఉన్నారు. 2022 నవంబరు 22న చంద్రుగొండ మండలం బెండాలపాడు దగ్గర ప్లాంటేషన్ మొక్కల గొడవలో రేంజర్ శ్రీనివాసరావుగారిని నరికి చంపారు. ఆయన అనుభవం ఉన్న అధికారి. కొత్తవాళ్లు గొడవ ఉన్నచోటికి ఒంటరిగా వెళ్లకూడదు, పై అధికారికి చెప్పకుండా అసలే వెళ్లకూడదు. అలాగని, చంపినవాళ్లు గుత్తికోయలని, జరిగిన ఒక్క ఘోరాన్ని పట్టుకుని వాళ్ల గూడేలన్నింటినీ అనుమానంగా చూస్తే అక్కడ చేయగలిగే పని ఇంకేమీ మిగలదు.

11. “చవగ్గా ప్లాటు ఉంది సార్” అని ఎవరైనా వస్తే దండం పెట్టి పంపించేయండి. ఏజెన్సీలో గిరిజనేతరులు భూమి కొనడానికి వన్ ఆఫ్ సెవెంటీ చట్టం ఒప్పుకోదు.

12. ఇంట్లోవాళ్లు చూడటానికి వస్తామంటే జూలై, ఆగస్టుల్లో వద్దనండి. మే నెల ఎండలకు అసలే వద్దు. నవంబరు నుంచి ఫిబ్రవరి మధ్య రమ్మనండి, రామాలయం, పర్ణశాల, కిన్నెరసాని మూడూ చూడొచ్చు. రైల్లో వస్తే “భద్రాచలం రోడ్” స్టేషన్‌లో దిగాలని, అది ఉన్నది కొత్తగూడెంలో అని ముందే చెప్పండి. అక్కడినుంచి భద్రాచలానికి బస్సులో ఇంకో 40 కిలోమీటర్లు.