టికెట్ లేని ఓరుగల్లు

చిరంజీవి మనవరాలికి తాత దీవించి రాసేది.

హనుమకొండలో చదువంటే మూడేళ్ళ కాపురం. ఆదివారాలు, రెండో శనివారాలు, పండుగ సెలవులు కలిపితే బోలెడంత తీరిక. కేసముద్రంలో బండెక్కి పోయి అక్కడి హాస్టళ్ళలో ఉండే పిల్లలు చాలామంది ఆ తీరికంతా ఫోన్ పట్టుకుని మంచం మీదనో, మాల్‌లోనో గడిపేస్తారు. పైసా ఖర్చు లేకుండా చూడదగ్గవి అడుగడుగునా ఉన్న ఊరది. పైగా 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడపిల్లలకు జీరో టికెట్. ఆధార్ కార్డు సంచిలో ఉంటే చాలు.

చూడటానికి వచ్చినవాళ్ళు వేరు, ఉండటానికి వచ్చినవాళ్ళు వేరు. హైదరాబాద్ నుంచి కారేసుకుని వచ్చిన కుటుంబం వేయిస్తంభాల గుడి, భద్రకాళి, కోట ఒక్క రోజులో చుట్టేసి చీకటి పడేలోగా తిరుగుముఖం పట్టాలి. ఉండేవాళ్ళకు ఆ తొందర లేదు. ఒక్క గుడికే ఎన్నిసార్లయినా పోవచ్చు, పోయిన ప్రతిసారీ ఒక్కదాన్నే చూసి రావచ్చు. అందుకే బిడ్డా, చూడాల్సిన చోట్ల పట్టీ రాసుకుని టిక్కులు పెట్టుకుంటూ పోవద్దు.

మొదలు వేయిస్తంభాల గుడి. రుసుము లేదు. మొదటిసారి పోయినప్పుడు ఊరికే కూర్చోవాలి. రెండోసారి శాసనం దగ్గర నిలబడాలి. కాకతి రుద్రదేవుడు 1163లో ఈ గుడి కట్టించి నిలిపిన శాసనం అది. భాష సంస్కృతం, లిపి తెలుగు-కన్నడం, రాసిన కవి అచింతేంద్రుడు. అంతవరకు కళ్యాణి చాళుక్యులకు సామంతులుగా ఉన్న కాకతీయులు ఇక తాము స్వతంత్రులమని చాటుకున్నది ఇందులోనే అని చరిత్రకారులు చెబుతారు. పోటీ పరీక్షల పుస్తకంలో ఒక్క వాక్యంగా కనబడే సంగతి అక్కడ రాయి మీద ఎదురుగా నిలబడి ఉంటుంది. దాన్ని బట్టీ పట్టడానికని పోవద్దు. ఓపికగా చూస్తే ఎక్కడో ఒక అక్షరం ఇప్పటి మన అక్షరంలాగే కనబడుతుంది, అక్కడి నుంచి మరొకటి.

మూడోసారి కళ్యాణమండపం. శివుడికి, విష్ణువుకి, సూర్యుడికి మూడు గర్భగుళ్ళు, వాటి ముందు నల్లరాతి నంది, ఆ అవతల ఈ మండపం. కాకతీయ శిల్పులు పునాదుల్లో ఇసుక నింపేవారు. బరువు సర్దుకోవడానికి అది వాళ్ళు వాడిన ఉపాయం. కాలక్రమాన మండపం కుంగి స్తంభాలు ఒరిగితే, 2006లో రాయికి రాయి విప్పి, నంబర్లు వేసి పక్కన పెట్టారు. మళ్ళీ నిలబెట్టి జనానికి తెరిచింది 2024 మార్చిలో. ఒక తరం పిల్లలు ఆ మండపాన్ని రాళ్ళ కుప్పలుగానే చూసి పెద్దవాళ్ళయ్యారు. ఇప్పుడు ఏది పాత రాయి, ఏది కొత్తగా చెక్కి అతికించింది అని పోల్చుకుంటూ తిరిగితే మధ్యాహ్నం ఎలా గడిచిందో తెలియదు.

పద్మాక్షి గుట్ట ఎక్కితే కథ ఇంకా వెనక్కి పోతుంది. ఇప్పుడు అమ్మవారు కొలువున్న ఆ చోట ఒకప్పుడు బసది, అంటే జైనుల గుడి. కాకతి రెండో ప్రోలరాజు దగ్గర మంత్రిగా ఉన్న బేతన భార్య మైలమ దాన్ని కట్టించిందని 1117 నాటి శాసనం చెబుతుంది. రాజులు, దండనాయకుల పేర్లే వినబడే ఆ కాలం నుంచి ఒక ఆడమనిషి తన పేరుతో మిగిలింది. వేయిస్తంభాల గుడి కంటే నలభై ఆరేళ్ళు ముందటి మాట. సద్దుల బతుకమ్మ నాడు ఆ గుట్ట కింద ఇసుక వేస్తే రాలనంత జనం. చరిత్ర చూడాలంటే మాత్రం మామూలు రోజున, పొద్దున్నే పోవాలి. ఎండాకాలంలో తొమ్మిది దాటితే బండ కాలుతుంది.

ఓరుగల్లు కోటలో తోరణాలున్న ఆవరణకు టికెట్ ఉంది. అది ఒకసారి కొనాల్సిందే. 2014లో తెలంగాణ రాజముద్రలోకి ఎక్కిన తోరణం అక్కడిదే మరి. మిగతా కోటలో చాలావరకు టికెట్ లేకుండానే తిరగొచ్చు. లోపల ఊరుంది, పొలాలున్నాయి. మట్టికోట కట్ట, కందకం, రాతి ద్వారాలు కాలినడకన చూడాలి. ద్వారంలోకి నేరుగా పోలేము, దారి మలుపు తిరుగుతుంది. శత్రువు వేగం అక్కడే తెగేది. ఇంత కట్టుదిట్టం చేసినా 1323లో కోట ఢిల్లీ సేనల వశమైంది.

కొత్తవాడలో మగ్గాల చప్పుడు వింటూ నడవొచ్చు. 2018లో భౌగోళిక గుర్తింపు పొందిన వరంగల్ దర్రీల పుట్టిల్లు అది. కానీ అది ప్రదర్శనశాల కాదు, జనం కాపురముండే ఇళ్ళు. అడిగి, సరేనన్నాకే గడప దాటాలి. ఫోటో తీయాలన్నా అడగాలి.

వాన పట్టిన రోజు రాజరాజ నరేంద్రాంధ్ర భాషానిలయం ఉంది. నిజాం రాజ్యంలో కచేరీ వ్యవహారాలు ఉర్దూలో నడిచే రోజుల్లో, 1904లో, తెలుగు కోసం హనుమకొండలో పెట్టిన గ్రంథాలయం. హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పుట్టిన మూడేళ్ళకే అది మొదలైంది. అక్కడ కవి దాశరథి పుస్తకమేదైనా తీసి చదవాలి. మన జిల్లా చిన్నగూడూరులో 1925లో పుట్టిన ఆయనను నిజాం సర్కారు నిజామాబాద్‌కు పంపకముందు వరంగల్ జైల్లో పెట్టింది. ఆ జైలు ఇప్పుడు చూద్దామన్నా లేదు. 2021లో కూల్చేసి ఆ జాగాలో పెద్దాసుపత్రి కట్టడం మొదలుపెట్టారు. జబ్బుపడ్డవాళ్ళకు ఆసుపత్రి కావాల్సిందే, కాదనలేం. అయినా ఆ గోడల్లో ఒక్కటన్నా మిగల్చాల్సింది.

వచ్చే ఆదివారం పద్మాక్షి గుట్టకు పో. పైన నాలుగు పలకల రాతిస్తంభం ఉంటుంది. ఏ పలక మీద ఏమేం చెక్కారో కాగితం మీద రాసుకుని రా. ఫోటో వద్దు. తోడుగా స్నేహితురాలిని తీసుకుపో, మంచినీళ్ళ సీసా మరిచిపోకు. నాయనమ్మ మక్క గారెలు పంపిస్తానంటోంది, శనివారం సాయంత్రం స్టేషన్ దగ్గరుండు.

ఆశీస్సులతో,
తాత, కేసముద్రం