ముందు సాల్మన్‌ని చూడు

సియాటిల్,
ఆగస్టు 20.

చిరంజీవి అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

నీ ఫోను వచ్చిన దగ్గర్నుంచి మనసంతా అలాస్కాలోనే ఉంది. సెప్టెంబరు మొదటి వారంలో బ్రూక్స్ నదికి వెళ్తున్నావంటే మంచి రోజులు దొరికాయి. యాంకరేజ్ నుంచి కింగ్ సాల్మన్ దాకా మామూలు విమానం, అక్కణ్ణుంచి నీళ్ల మీద దిగే చిన్న విమానంలో నాక్‌నెక్ సరస్సుకి. రోడ్డు లేదు. నువ్వు దిగే లాడ్జిని 1950లో చేపలు పట్టేవాళ్ల కోసమే మొదలుపెట్టారు. ఒడ్డున కనిపించే తేలిక రాళ్లు 1912లో నోవరుప్తా అగ్నిపర్వతం పేలినప్పటివి. ఒకటి నీళ్లలో వేసి చూడు, తేలుతుంది.

రెయిన్‌బో ట్రౌట్ పట్టడానికి ఏ ఫ్లైలు, అంటే గాలానికి కట్టే నకిలీ ఎరలు, కొనాలని అడిగావు. అది ట్రౌట్‌ని కాదు, సాల్మన్‌ని అడగాల్సిన మాట.

పులస సంగతి నీకు తెలిసిందే. గోదారికి ఎర్రనీరు రాగానే సముద్రంలోని ఇలస ఏటికి ఎదురీది గుడ్లు పెట్టడానికి వస్తుంది. సాకై సాల్మన్ కూడా జూలైలో అలాస్కాలోని బ్రిస్టల్ బే అఖాతం నుంచి అలాగే నదుల్లోకి ఎక్కుతుంది. 2022లో ఆ ఒక్క ప్రాంతానికే సుమారు 7.9 కోట్ల సాకైలు తిరిగొచ్చాయి. అయితే సాకై గుడ్లు పెట్టాక ఇక బతకదు. సముద్రంలో తిని పెంచిన ఒళ్లంతా పుట్టిన నీళ్లకే ఇచ్చేస్తుంది. రెయిన్‌బో ట్రౌట్ అంతంత పెరిగేది ఆ తిండి మీదే. జూన్‌లో సముద్రానికి బయల్దేరే సాల్మన్ పిల్లల్ని తింటుంది, ఆగస్టు నుంచి గుడ్లు, ఆ తరవాత చచ్చిన సాల్మన్ మాంసం ముక్కలు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు ఇదేమీ ఎరగను. పత్రికల్లో చూసి, నీటి మీద తేలే ఈగల్లాంటి ఫ్లైలు డబ్బా నిండా పట్టుకెళ్లాను. రెండు రోజులు ఒక్క చేప కూడా ముట్టలేదు. మూడోనాడు గైడు నా చేతిలోంచి రాడ్ తీసుకుని, కాసేపు నీళ్లు చూడమన్నాడు. మోకాలి లోతులో ఎర్రబడ్డ ఆడ సాల్మన్ ఒకటి పక్కకి ఒరిగి, తోకతో గులకరాళ్లను టపటపా కొడుతోంది. రాళ్లు కదిలిన చోట దానిమ్మ గింజకన్నా చిన్న గుడ్డు ఒకటి, నారింజ ఎరుపుది, అడుగున దొర్లుకుంటూ పోయింది. నాలుగు గజాల దిగువన నీడ ఒకటి జానెడు పక్కకి జరిగింది. నోరు తెరుచుకోవడం తెల్లగా కనిపించింది. గుడ్డు లేదు. నీడ మళ్లీ తన చోటుకి వచ్చి నిలబడింది. అలాంటిది నా డబ్బాలో ఒక్కటీ లేదు.

అందుకని నూలుతో కట్టిన గుడ్డు ఫ్లైలు తీసుకెళ్లు. ఆ నదిలో ఫ్లై తప్ప మరో ఎర వాడనివ్వరు. తాజా గుడ్డు ముదురు నారింజ రంగులో ఉంటుంది, చచ్చిన గుడ్డు పాలు కలిపినట్టు లేత గులాబీకి తిరుగుతుంది. రెండూ ఉంచుకో, ఏది దొర్లుతోందో చూసి కట్టు. అడుగున లేత రంగులో శుభ్రంగా కనబడే గులకరాళ్ల మీద మాత్రం కాలు పెట్టకు. గుడ్లు వాటి కిందే ఉంటాయి.

ఇక విసరడం. ధవళేశ్వరం గట్టు మీద తాతయ్య గాలం వేస్తుంటే చూశావుగా, చివరనున్న సీసం బరువు దారాన్ని లాక్కుపోయేది. ఇక్కడ ఫ్లైకి బరువుండదు, బరువంతా దారానిదే. వెనక్కి విసిరాక అది పూర్తిగా చాపుకునే దాకా ఆగాలి. కొత్తవాళ్లు అక్కడే తొందరపడతారు. దారం కొరడాలా చప్పుడు చేసిందంటే నువ్వు ఆగలేదన్న మాట. తొమ్మిదడుగుల రాడ్, 7 వెయిట్ అనే బరువు దారానికి తగినది, నీకు సరిపోతుంది.

పడ్డాక అసలు పని మొదలవుతుంది. గుడ్డు ఈదదు, అడుగు ప్రవాహం ఎంత మెల్లగా పోతే అంత మెల్లగా పోతుంది. పైనీరు మాత్రం వడిగా పోతూ దారాన్ని విల్లులా వంచి ఫ్లైని ఈడ్చేస్తుంది. ఈడ్చిన గుడ్డుని ట్రౌట్ నమ్మదు. అందుకే వంపు పడబోతుండగానే రాడ్ కొనతో దారాన్ని ఎత్తి ఎగువకి వెయ్యాలి. దీన్నే మెండ్ చెయ్యడం అంటారు. దూరం విసరడంకన్నా ఇదే ముఖ్యమని నా గట్టి నమ్మకం.

చేప తగిలితే రీలుని తిరగనివ్వు. దగ్గరికి వచ్చాక చెయ్యి తడుపుకునే పట్టుకో. పొడిచేత్తో పడితే ఒంటిమీది జిగురు ఊడిపోతుంది. నీళ్లలోనే గాలం తీసి, తల ఎగువకి తిప్పి, అదే తోక ఆడించి వెళ్లే దాకా పట్టుకుని ఉండు.

అక్కడ దిగగానే ఎలుగుబంట్ల గురించి అందరికీ చెప్పి గాని వదలరు. 50 గజాల దూరం పాటించాలి. ఆ నెలలో చావుకొచ్చిన సాల్మన్ కోసం అవి నది నిండా ఉంటాయి. గాలానికి చేప ఉండగా ఎలుగు నీవైపు వస్తే, అది ఎంత పెద్ద చేపైనా సరే, దారం తెంపెయ్. మనుషుల దగ్గర చేప దొరుకుతుందని ఒక్కసారి రుచి మరిగిందంటే ఆ ఎలుగుకీ ప్రమాదం, నీ తరవాత వచ్చేవాళ్లకీ ప్రమాదం. రాడ్‌ని సూటిగా చేపవైపు చూపించి, దారాన్ని రాడ్‌కి అదిమిపట్టి వెనక్కి లాగితే ఫ్లై దగ్గరే తెగుతుంది. బయల్దేరే ముందు మన పెరట్లో చెట్టుకి కట్టి నాలుగుసార్లు తెంపి చూసుకో తల్లీ.

ఇట్లు,
మీ మావయ్య