ఆకుకీ మందుకీ నడుమ: వర్షారణ్యం నేర్పిన పది పాఠాలు

నాకు ఎనిమిదేళ్లప్పుడు మా చిన్నాయనను మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానటోరియంలో చేర్చారు. జేజితో కలిసి చూడబోయేదాన్ని. ఊళ్లో అందరూ ఆశ వదిలేసిన మనిషి స్ట్రెప్టోమైసిన్ సూదులతో లేచి నడిచి ఇంటికొచ్చాడు. ఆ మందును 1943లో అమెరికాలో వాక్స్‌మన్ ప్రయోగశాలలో ఆల్బర్ట్ షాట్జ్ మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుంచి రాబట్టాడని కాలేజీలో చదివాక, పిడికెడు మట్టే ఇంత ఇస్తే అడవి ఇంకెంత ఇవ్వగలదో అన్న ఆలోచన నన్ను పట్టుకుంది. ముప్పై ఏళ్లకు పైగా పశ్చిమ కనుమల వర్షారణ్యాల మొక్కల సారాలను క్షయ క్రిమి మీద పరీక్షించాను. రోగి చేతిలో పెట్టగల మందు నా బల్ల మీద పుట్టలేదు. ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు ఇవ్వగలిగింది ఈ పాఠాలే.

1. పేరు, చోటు, తేదీ రాయనిదే ఆకు తెంపవద్దు

1987లో మలేషియాలోని సరవాక్ అడవిలో మన పొన్నకు దగ్గరి జాతి చెట్టు ఒకదాని నుంచి ఆకులు, కొమ్మలు సేకరించారు. అందులోని కలనోలైడ్ అనే పదార్థం హెచ్ఐవీని అడ్డుకుంటుందని అమెరికాలో తేలింది. మళ్లీ ఆకుల కోసం వెళ్లేసరికి ఆ చెట్టును నరికేశారు. అదే జాతికి చెందిన వేరే చెట్లలో ఆ గుణం సరిగా కనిపించలేదు. చాలా వెతికాక మరో పొన్న జాతి పాలలో దానికి దగ్గరి పదార్థం దొరికింది. తరవాతి కాలంలో కలనోలైడ్ క్షయ క్రిమిని కూడా ఆపుతుందని తెలిసింది.

నేను తొలిరోజుల్లో ఒక సంచి మీద ఊరివాళ్లు చెప్పిన పేరు మాత్రమే రాసుకొచ్చాను. ఆ ఒక్క పేరుతో అక్కడ రెండు వేర్వేరు మొక్కలను పిలుస్తారు. ఏడాది పని పారబోయాల్సి వచ్చింది. అప్పటినుంచి ప్రతి మొక్కకూ ఒక కొమ్మను అట్టల మధ్య అదిమి ఆరబెట్టి, నంబరు వేసి హెర్బేరియంలో పెట్టించాను. ఏ చెట్టు, ఏ వాలు, ఏ నెల, పూత మీద ఉందా లేదా అన్నీ రాయించాను.

2. అడవి మనుషులు చెప్పింది అడవి మనుషులదే

అదే 1987లో కేరళ అగస్త్యమల కొండల్లో శాస్త్రవేత్తలకు దారి చూపిన కాణి గిరిజనులు ఒక చిన్న మొక్క పండ్లు తింటూ అలుపు లేకుండా నడిచారు. అదే ఆరోగ్యపచ్చ. దాని నుంచి పాలోడులోని ఉష్ణమండల ఉద్యాన పరిశోధన సంస్థ ‘జీవని’ అనే మందు తయారుచేసి, లైసెన్సు రుసుములో, రాయల్టీలో సగం కాణులకు దక్కేలా చేసింది. ఇలాంటి వాటికి అనుమతి, వాటా కోరే జీవవైవిధ్య చట్టం 2002లో మన దేశంలో వచ్చింది.

చట్టం ఉంది కాబట్టి అనుమతి తీసుకోండి. అది లేకపోయినా అడిగే తీసుకోండి. కనుమల్లోని మలెనాడు ప్రాంతంలో ఒక ముసలాయన దగ్గుకు వాడే బెరడు చూపిస్తూ, ఉత్తరం వైపు మాత్రమే, అదీ అరచేయంత మేర మాత్రమే గీకమన్నాడు. చెట్టు బతకాలన్నది ఆయన మొదటి షరతు. క్యాన్సర్ మందుకు పనికొచ్చే క్యాంప్టోథెసిన్ ఉందని తెలిశాక ఈ కనుమల్లోనే నోథాపోడైటిస్ చెట్లను ఎలా నరికారో చూసినదాన్ని. ఆ షరతు విలువ నాకు తెలుసు.

3. నీడన ఆరని ఆకు అబద్ధం చెబుతుంది

కనుమల్లోని ఆగుంబె వైపు వాన మొదలైతే రోజుల తరబడి వదలదు. ఒక ఏడు మా ఆకుల మూటకు లోలోపల బూజు పట్టింది. పైకి కనిపించలేదు. ఆ సారం క్రిమిని బాగా ఆపింది. మేం సంబరపడ్డాం. మరుసటి ఏడు శుభ్రంగా ఆరబెట్టిన ఆకులో ఏమీ లేదు. ముందు ఏడు పనిచేసింది బూజో ఆకో ఈనాటికీ చెప్పలేను. తెచ్చినరోజే పలచగా పరచండి, గాలి ఆడనివ్వండి, ఎండ తగలనివ్వకండి. పొడి కొట్టేముందు ప్రతి ఆకునూ వెలుగులో తిప్పి చూడండి.

4. ఈ క్రిమి నడకకు మనం తగ్గాలి

మన పేగుల్లోని ఈ.కోలై ఇరవై నిమిషాలకు ఒకసారి రెండవుతుంది. క్షయ క్రిమికి ఇంచుమించు ఒక రోజు పడుతుంది. గుడ్డు కలిపిన ఆకుపచ్చటి ఎల్‌జే మీడియం మీద దాని మొటిమలు కంటికి ఆనడానికి మూడు నుంచి ఎనిమిది వారాలు. ఆగలేక చాలామంది వేగంగా పెరిగే దాని చుట్టం స్మెగ్మాటిస్ మీద పరీక్షించి అక్కడితో ముగిస్తారు. అది మొదటి జల్లెడగా పనికొస్తుంది, తీర్పుగా పనికిరాదు. దాన్ని ఆపిన సారాలు కొన్ని అసలు క్రిమి ముందు నిలవలేదు.

ఇది గాలిలో పాకే జబ్బు. లోపలి గాలి వడపోత లేకుండా బయటికి పోని గది, సరైన మాస్కు, పనిచేసే బయోసేఫ్టీ క్యాబినెట్ లేకపోతే సీసా మూత తీయవద్దు. ఇంటి దగ్గర పిల్లలు ఎదురుచూస్తుంటారు.

5. రంగు చూడగానే నమ్మవద్దు

1990ల చివర్లో రంగు పద్ధతి వచ్చాక మా వారాలు రోజులయ్యాయి. 96 గుంటల ప్లేటులో క్రిమిని, సారాన్ని కలిపి వారం ఉంచి, నీలిరంగు రెసజురిన్ వేస్తాం. క్రిమి బతికి ఉంటే గులాబీ రంగుకు తిరుగుతుంది, ఆగిపోతే నీలంగానే ఉంటుంది.

కానీ ఆకు సారానికి తన రంగు తనకుంటుంది. కొన్ని సారాలు క్రిమి లేకుండానే రంగును గులాబీకి తిప్పుతాయి. అందుకే ప్రతి సారానికీ క్రిమి వేయని గుంట ఒకటి ఉండాలి. సారాన్ని కరిగించిన డీఎంఎస్‌వో ఒక్కటే వేసిన గుంట ఉండాలి. క్షయకు వాడే మందులు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్ వేసిన గుంటలు ఉండాలి. ప్లేటు అంచున 36 గుంటలు వారంలో ఆరిపోతాయి కాబట్టి వాటిలో శుభ్రమైన నీళ్లు పోసి, లోపలి 60 గుంటల్లోనే పని చేయండి. మైనపు పొర వల్ల ఈ క్రిములు ముద్దకట్టుకుంటాయి. ముద్ద విడగొట్టకుండా వేస్తే ఒక గుంటలో వంద, పక్క గుంటలో పది పడతాయి. అప్పుడు మీరు రాసుకునే అంకెకు అర్థం ఉండదు.

6. అన్నిటినీ చంపేదాన్ని పక్కన పెట్టండి

ఐసోనియాజిడ్ మిల్లీలీటరుకు 0.1 మైక్రోగ్రాము లోపే క్రిమిని ఆపుతుంది. మా ముడి సారాలు 100 మైక్రోగ్రాముల దగ్గర ఆపితే ఆసక్తిగా చూసేవాళ్లం. అంత తేడా ఉన్నప్పుడు సారం చంపుతున్నది క్రిమిని మాత్రమేనా అన్నది ముందు తేలాలి. అదే సారాన్ని కోతి మూత్రపిండం నుంచి పెంచిన వీరో కణాల మీద వేసి చూడండి. కణాలను దెబ్బతీసే మోతాదు, క్రిమిని ఆపే మోతాదుకు కనీసం పది రెట్లు ఉండాలి. నాకు ఎంతో ఇష్టమైన ఒక గింజ సారం ఇక్కడే ఆగిపోయింది. దాన్ని వదులుకోవడానికి ఆరు నెలలు తీసుకున్నాను. ఆరు రోజులు చాలు.

7. దొరికింది కొత్తదో కాదో ముందే తెలుసుకోండి

సారాన్ని భాగాలుగా విడదీస్తూ, పనిచేసే భాగం వెంట పోతూ ఉంటే చివరికి చాలాసార్లు ఉర్సోలిక్ ఆమ్లమో, ఒలియనోలిక్ ఆమ్లమో, మామూలు కొవ్వు ఆమ్లమో ఎదురవుతుంది. ఇవి ఎన్నో మొక్కల్లో ఉన్నవే, ఎందరో చూసినవే. తెలిసిన పదార్థాలతో ముందే పోల్చి చూసుకుంటే రెండేళ్లు మిగులుతాయి. కొన్నిసార్లు విడదీసేకొద్దీ గుణమే మాయమవుతుంది. గాలికో వేడికో పాడైందా, లేక రెండు పదార్థాలు కలిస్తేనే పని జరుగుతోందా? భాగాలను మళ్లీ కలిపి ఒకసారి పరీక్షించకుండా ఫైలు మూయకండి.

8. చంపని మొక్కకూ విలువ ఉంది

మిరియం తీగ ఈ కనుమల వర్షారణ్యపు బిడ్డ. అందులోని పైపరిన్ రిఫాంపిసిన్ శరీరంలోకి మరింతగా చేరేలా సాయపడుతుంది. జమ్మూలోని జాతీయ ప్రయోగశాల దీన్ని పట్టుకుని పనిచేయడంతో, 450 మిల్లీగ్రాముల రిఫాంపిసిన్‌కు బదులు 200 మిల్లీగ్రాములకు పైపరిన్ చేర్చిన మాత్ర మన దేశంలో తయారైంది. క్రిమిని చంపుతుందా అన్న ఒక్క ప్రశ్నతో అడవికి వెళ్లినన్నాళ్లూ నా వంటింటి పోపులపెట్టెలో ఉన్నదాన్ని నేను చూడలేదు. మీరు పరీక్షలోనే రెండో ప్రశ్న చేర్చండి. ఉన్న మందు పక్కన ఈ సారం వేస్తే ఏమవుతుంది?

9. ‘లేదు’ అన్న ఫలితాన్నీ అంతే శ్రద్ధగా రాయండి

నా నోటుపుస్తకాల్లో ఎక్కువ పేజీలు ‘పని లేదు’ అన్నవే. మొదట్లో వాటిని ఒక గీతతో దాటేసేదాన్ని. నేను గీత కొట్టిన మొక్కనే మా శిష్యురాలు కొన్నేళ్ల తరవాత మళ్లీ మొదటినుంచి పరీక్షించింది. ఆ పిల్ల కష్టానికి నా గీతే కారణం. ఏ ద్రావకం, ఏ మోతాదు వరకు, ఎన్నిసార్లు చూశాం, ఎందుకు ఆపాం అన్నది రాసిన ‘లేదు’ తరవాత వచ్చేవాళ్లకు దారి చూపుతుంది. ఇవాళ టీబీకి వాడే ప్రధాన మందుల్లో ఆకులోంచి నేరుగా వచ్చింది ఒక్కటీ లేదన్న నిజాన్ని కూడా మీ విద్యార్థులకు మొదటి రోజే చెప్పండి. అది తెలిసి ఉండి వెతికేవాళ్లే ఎక్కువకాలం వెతుకుతారు.

10. మీ నోటిమాట కూడా ప్రయోగంలో భాగమే

ఇది నేను అన్నిటికన్నా ఆలస్యంగా నేర్చుకున్నది. ఒక సభలో మా ఫలితాల గురించి ఉత్సాహంగా మాట్లాడాను. క్షయకు అడవి ఆకు అన్న శీర్షికతో వార్త వచ్చింది. కొన్ని నెలలకు ఒక నడివయసు మనిషి భార్యను వెంటబెట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చాడు. ఆరు నెలల మాత్రల్లో రెండు నెలలు వేసుకోగానే దగ్గు తగ్గిందట. వార్త చదివి, మాత్రలు ఆపి, ఏదో ఆకు రసం తాగుతున్నాడు. దగ్గు తిరగబెట్టింది. ఆయన భార్య నన్ను ఒక్కటే అడిగింది: “మీరే కదమ్మా చెప్పింది?”

నేను చెప్పలేదు. అలా అర్థం చేసుకోకుండా ఆపే మాట కూడా చెప్పలేదు. ఆయనను ఆసుపత్రికి తీసుకెళ్లి మళ్లీ మందు మొదలుపెట్టించాం. మధ్యలో ఆపితే క్రిమి మందులకు లొంగకుండా మొండికేయవచ్చు. దేవుడి దయవల్ల ఆయనకు అలా కాలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ఒక కోటి 8 లక్షల మందికి క్షయ జబ్బు వచ్చింది, పన్నెండున్నర లక్షల మంది చనిపోయారు. రోగుల్లో నాలుగో వంతుకు పైగా మన దేశంవాళ్లే. మీ మాట వినేవాళ్లలో వాళ్లు ఎప్పుడూ ఉంటారు. అందుకే ఎవరు అడిగినా, ఎక్కడ మాట్లాడినా, నేను ఇప్పుడు మూడు వాక్యాలు చెబుతాను. మీరూ ఇదే వరసలో చెప్పండి: ఈ ఆకు ప్లేటులో క్రిమిని ఆపింది. మనిషిలో ఇంకా చూడలేదు. మీ మాత్రలు ఆపవద్దు.