చెరసాల నుండి వచ్చిన సంతోషపు లేఖ



ఆగమన కాలపు మూడవ ఆదివారాన్ని తల్లి శ్రీసభ ఆనంద ఆదివారంగా కొనియాడుతుంది. ప్రభువునందు ఆనందించమని పునీత పౌలు ఇచ్చిన పిలుపుతోనే ఆనాటి దివ్యపూజ ఆరంభమవుతుంది. కానీ ఆ పిలుపు అందరి చెవికీ తీయగా వినిపించదు. సాంచాలు ఆగిపోయి కూలి దొరకని సిరిసిల్ల నేత కార్మికుడు, పొద్దంతా చాట ముందు వంగి బీడీలు చుట్టే కోరుట్ల తల్లి, దుబాయి అప్పు తీరకముందే కొడుకు ఇల్లు చేరిన జగిత్యాల పల్లె తండ్రి, "మాకెక్కడి సంతోషం ఫాదర్?" అని అడిగితే తప్పేముంది? ఆ ప్రశ్నను దాటవేయకుండా ఈ వారం ధ్యానిద్దాం.

వ్రాసినవాడు ఎక్కడున్నాడు?

పౌలు ఆ మాట వ్రాసింది సంకెళ్లలో ఉండి. ఫిలిప్పీయులకు వ్రాసిన లేఖలో నాలుగే అధ్యాయాలున్నా, సంతోషం అనే మాట అందులో పదిసార్లకు పైగా వస్తుంది. ఆయన డేరాలు కుట్టి పొట్టపోసుకున్న చేతిపనివాడు (అ.కా. 18:3). ఫిలిప్పీలో ఆయన బోధను మొదట నమ్మిన లూదియ ఊదారంగు బట్టలమ్మే వ్యాపారి. బట్ట విలువ, చేతిపని కష్టం ఎరిగినవారి మధ్య పుట్టిన సంఘమది.

అదే ఊరిలో పౌలును, సీలాసును బెత్తాలతో కొట్టి, కాళ్లకు బొండ వేసి చెరలో పడవేశారు. నడిరేయి వారు దేవుని స్తుతిస్తూ పాడారు (అ.కా. 16). పాడినంత మాత్రాన వీపు మీది దెబ్బలు మానలేదు. ఆ రాత్రే చెరసాల అధికారి వారిని ఇంటికి తీసుకొనిపోయి గాయాలు కడిగి, అన్నం పెట్టాడు. పాట ఎంత అవసరమో, గాయం కడిగే చెయ్యీ అంతే అవసరం.

కన్నీరు అవిశ్వాసం కాదు

లాజరు సమాధి వద్ద ప్రభువు ఏడ్చారు. గెత్సెమనే తోటలో ఆయన ఆత్మ దుఃఖంతో కుమిలిపోయింది. అందుచేత బాధలో ఉన్నవారితో "నీకు విశ్వాసం చాలదు" అని ఎన్నడూ అనకండి. 1975లో ఆరవ పౌలు పోపుగారు క్రైస్తవ ఆనందం గురించి ఒక ప్రబోధ లేఖ వ్రాశారు. మన సమాజం సుఖాలను పెంచుకోగలిగింది గాని, ఆనందాన్ని పుట్టించలేకపోతున్నదని అందులో ఆయన గుర్తుచేశారు. సుఖం చేతిలో డబ్బున్నంతసేపే. దేవుడు నన్ను విడిచిపెట్టలేదన్న నమ్మకమే క్రైస్తవ ఆనందం.

ఆ నమ్మకం ఎలా కలుగుతుంది?

చెరలో ఉన్న పౌలుకు ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదీతు చేత సహాయం పంపింది. డబ్బు అందినందుకన్నా, తన కష్టంలో వారు పాలుపంచుకున్నందుకే పౌలు ఎక్కువ సంతోషించాడు (ఫిలిప్పీ 4:14–18). దేవుడు విడువలేదన్న సంగతి ఆయనకు ఒక మనిషి రాకతో తెలిసింది.

మన ప్రాంతంలో ఎన్నో ఇళ్లు ఈ రాక కోసం ఎదురుచూశాయి. 2015 డిసెంబరులో ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ మూతపడినప్పుడు చెరకు రైతులు, కార్మికులు దిక్కుతోచక నిలిచారు. అప్పుల భారంతో సిరిసిల్లలో ఎందరో నేతన్నలు ప్రాణాలు తీసుకున్నారు. పరువు పోతుందని అప్పును దాచినకొద్దీ మనిషి ఒంటరివాడవుతాడు. అటువంటి ఆలోచన మీకు వస్తే దాచుకోకండి. ఇంట్లో చెప్పండి, విచారణ గురువుతో చెప్పండి, 14416 టెలీ మానస్‌కు ఫోను చేయండి. ఆ విధంగా మరణించినవారి రక్షణ గురించి నిరాశపడరాదని 1992 నాటి శ్రీసభ సత్యోపదేశం బోధిస్తున్నది (2283). ఆ కుటుంబాలను దూరం పెట్టడం మనకు తగదు.

ఈ వారం ఇంట్లో

ఫిలిప్పీ లేఖ నాలుగవ అధ్యాయాన్ని కుటుంబమంతా కలిసి చదవండి. తరువాత ఈ రెండు ప్రశ్నలు వేసుకోండి:

1. నేను ఎవరికీ చెప్పక మోస్తున్న భారమేది? ఎవరితో చెప్పగలను?

2. మన వాడలో పని ఆగిన ఇల్లు ఏది? ఆదివారం లోపు ఆ గడప ఎవరు తొక్కుతారు?

వెళ్లేటప్పుడు ఉపదేశాలు తీసుకుపోకండి. సేరు బియ్యమో, కాసేపు వినే ఓపికో తీసుకొనిపొండి. ఆ ఇంటివారితో కలిసి ఒక జపమాల చెప్పండి. తిరిగివచ్చేటప్పుడు మీ మనసు కూడా తేలికపడుతుంది.

ప్రార్థన: ప్రభువా, మా కన్నీళ్లను ఎరిగినవాడా, మమ్ము ఒంటరిగా విడువకుము. మా పొరుగువారిని ఒంటరిగా విడువని హృదయం మాకు దయచేయుము. ఆమెన్.