కార్బొరేటర్ స్క్రూ టైట్ చేస్తే మైలేజ్ పెరుగుతుందా? తిప్పే ముందు ఇది చదవండి

ఫోన్‌లో సెట్టింగ్ చెడిపోతే రీసెట్ కొట్టేస్తాం. కార్బొరేటర్‌కు ఆ బటన్ లేదు. 2020 ఏప్రిల్‌లో బీఎస్6 వచ్చాక కొత్త బైకులు దాదాపు అన్నీ ఫ్యూయల్ ఇంజెక్షన్‌కు మారాయి. కానీ మా జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు నాన్నల కాలం నాటి కార్బొరేటర్ బండ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. "ఆ స్క్రూ కొంచెం టైట్ చెయ్, మైలేజ్ వస్తది" అనే సలహా కూడా వాటి వెంటే తిరుగుతోంది. అందులో నిజమెంతో చూద్దాం.

లోపల ఏం జరుగుతుంది?

ఇంజిన్ గాలిని లోపలికి లాగుతుంది. కార్బొరేటర్‌లో వెంచురీ అనే ఇరుకైన చోట గాలి వేగం పెరిగి, ప్రెజర్ తగ్గుతుంది. దాంతో కింద ఫ్లోట్ బౌల్‌లో ఉన్న పెట్రోల్ జెట్ల గుండా పైకొచ్చి గాలిలో కలుస్తుంది. 1 గ్రాము పెట్రోల్ పూర్తిగా కాలాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఇంజెక్షన్ బండిలో ఈ లెక్కను సెన్సర్లు, ఈసీయూ చూసుకుంటాయి. కార్బొరేటర్‌లో ఆ పని జెట్లు, నీడిల్‌దే.

ఎప్పుడు ఏది పనిచేస్తుంది?

- యాక్సిలరేటర్ పావు వంతు లోపు: పైలట్ జెట్. మహబూబాబాద్ మార్కెట్ రద్దీలో మెల్లగా పోయేటప్పుడు పని దీనిదే.
- పావు నుంచి ముప్పావు వరకు: జెట్ నీడిల్.
- ఆపైన: మెయిన్ జెట్. జనగామ హైవే మీద ఫుల్ రేస్ ఇస్తే ఇదే.

బయట కనిపించే మిక్స్చర్ స్క్రూ ప్రభావం ప్రధానంగా మొదటి దశ మీదే. అంటే దాన్ని టైట్ చేసినా హైవే మైలేజ్ పెద్దగా మారదు. పైగా పెట్రోల్ మరీ తగ్గితే బండి స్లోలో ఆగిపోతుంది, పికప్‌లో తడబడుతుంది, ఇంజిన్ వేడెక్కుతుంది. ఇంకో విషయం: స్క్రూ ఎయిర్ ఫిల్టర్ వైపు ఉంటే అది సాధారణంగా గాలి స్క్రూ. దాన్ని టైట్ చేస్తే పెట్రోల్ పాళ్లు తగ్గవు, పెరుగుతాయి!

సరైన ట్యూనింగ్ ఇలా

1. ముందు ఎయిర్ ఫిల్టర్ చూడండి. భూపాలపల్లిలో బొగ్గు లారీలు తిరిగే రోడ్ల దుమ్ముకు అది త్వరగా మూసుకుపోతుంది. ఆ స్థితిలో ట్యూన్ చేసి లాభం లేదు.
2. ఇంజిన్ ఆపి, మిక్స్చర్ స్క్రూను మెల్లగా చివరిదాకా లోపలికి తిప్పుతూ చుట్లు లెక్కపెట్టండి. బలంగా బిగిస్తే కొన దెబ్బతింటుంది. ఆ అంకె రాసుకుని, మళ్లీ అన్నే చుట్లు వెనక్కి తిప్పండి. ఇదే మీ బ్యాకప్.
3. బండిని 10 నిమిషాలు నడిపి వేడెక్కించండి. చోక్ ఆఫ్‌లో ఉండాలి. తర్వాతి పని ఆరుబయటే చేయండి, పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది.
4. ఇంజిన్ ఆన్‌లో ఉంచి స్క్రూను పావు చుట్టు చొప్పున అటూ ఇటూ తిప్పండి. శబ్దం నిలకడగా, వేగం ఎక్కువగా ఉన్నచోట ఆపండి.
5. చివర్లో ఐడిల్ స్క్రూతో స్లోను మాన్యువల్‌లో చెప్పిన ఆర్‌పీఎంకు తెండి.

ట్యూనింగ్‌కు ముందు, తర్వాత ట్యాంక్ ఫుల్ టు ఫుల్ లెక్క రాసుకోండి. మైలేజ్ పెరిగిందో లేదో ఆ అంకెలే చెప్తాయి.