ఉబ్బసముగలవారు – పరుగు

ఉబ్బసముగల బాలబాలికలు పరుగునకు తగరని పలువురు తలంతురు. కాని ఉబ్బసముగల పౌలా రాడ్‌క్లిఫ్ 2003లో లండను మారథానును 2 గంటల 15 నిమిషముల 25 సెకనులలో ముగించి, నాటి స్త్రీల ప్రపంచ రికార్డు నెలకొల్పెను.

పరుగిడునపుడు మనము నోటితో మిక్కుటముగా గాలి పీల్తుము. అందుచే శ్వాసనాళములు తడియారి బిగిసి, పిల్లికూతలు పుట్టును. కావున వైద్యుని యనుమతిగొని, తొలుత 10 నిమిషములు నడువవలెను. పిమ్మట 1 నిమిషము పరుగు, 2 నిమిషముల నడక. ఇట్లు 6 మారులు, వారమునకు 3 దినములు చాలును. సుఖముగా సాగినచో మరువారము పరుగును అర నిమిషము పొడిగింపవలెను, వేగమును పెంచరాదు. పరుగిడుచు మాటలాడగలిగినచో ఆ వేగము తగినదే. రొమ్ము బిగిసినచో వెంటనే ఆగి, వైద్యుడు చెప్పినట్లు ఇన్‌హేలరు వాడవలెను. అది యెల్లప్పుడు దగ్గర నుండవలెను.

అట్లాగిన విద్యార్థిని పిరికివాడని యెవ్వరును హేళన చేయరాదని మా మనవి. ఆ హేళనకు వెరచి ఆగనివానికే ప్రాణాపాయము.